సున్నపురాయి కొండ, గుహ, జలపాతం: ఒక్క రోజులో ఎక్కి, చూసి, క్షేమంగా దిగడం ఎలా

సున్నపురాయి కొండకు వెళ్లొద్దామనుకునేవాళ్లు ముందుగా అడిగేది బూట్ల గురించి. ఏ బూట్లు వేసుకోవాలి, సంచి ఎంత బరువుండాలి, ఎన్నింటికి బయల్దేరాలి అని అడుగుతారు. అవన్నీ కింద చెబుతాను. కానీ ఈ రకం కొండ మీద అన్నిటికంటే ముందు అర్థం చేసుకోవాల్సింది నీళ్ల సంగతి.

గాలిలోంచి, మట్టిలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకున్న వాన నీటికి కాస్త ఆమ్ల గుణం వస్తుంది. ఆ నీరు సున్నపురాయిని కొద్దికొద్దిగా కరిగించి పగుళ్లను వెడల్పు చేస్తుంది. అలా కొన్ని పగుళ్లు గుహలవుతాయి. అందుకే ఈ కొండ నెత్తిన పడిన వాన పైన నిలవకుండా లోపలికి దిగిపోయి, ఎక్కడో కింద ఊటగానో జలపాతంగానో బయటికొస్తుంది. పైన దాహం, గుహలో వరద, కింద జారుడు. ఈ మూడింటికీ మూలం ఒక్కటే. ఇది మనసులో పెట్టుకుంటే మిగతా జాగ్రత్తలు ఎందుకో మీకే తెలుస్తుంది.

ఇక్కడ రాసింది గుర్తులున్న కాలిబాట, నిలబడి నడవగలిగే గుహ ఉన్న కొండల కోసం. తాడు కట్టుకుని దిగాల్సిన బిలాలు, పాకుతూ దూరాల్సిన సొరంగాలు, నీటిలో మునిగిన గుహలు శిక్షణ ఉన్నవాళ్ల పని.

1. వారం ముందు: కొండ గురించి తెలుసుకోండి

మ్యాపు తెరిచి బాట ఎక్కడ నిటారుగా లేస్తుందో చూడండి. ఎత్తుల గీతలు దగ్గరదగ్గరగా ఉన్నచోట నిటారు. ఆ తర్వాత వాగుల్ని చూడండి. ఇలాంటి కొండల మ్యాపులో వాగు గీత ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. అక్కడ నీరు భూమిలోకి దిగిపోతోందన్నమాట. ఆ చోటు, గుహ ద్వారం, కింద జలపాతం, మూడూ ఒకే వరుసలో కనిపిస్తే వాటికి లోపల సంబంధం ఉండొచ్చని అనుకుని జాగ్రత్త పడండి.

మ్యాపు చెప్పని విషయాలు అక్కడి అటవీ సిబ్బందికి, గైడ్లకు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు తెలుస్తాయి. ఫోన్లో అయినా ఇవి అడగండి:

- ఈ నెలలో గుహలోకి వెళ్లనిస్తారా? (గబ్బిలాలు పిల్లల్ని పెట్టే రోజుల్లో, చలికాలపు నిద్రలో ఉన్నప్పుడు చాలా గుహలు మూసేస్తారు.)
- అనుమతి కావాలా? గైడు తప్పనిసరా?
- వాన పడితే గుహలోకి నీళ్లు వస్తాయా? ఎంతసేపట్లో వస్తాయి?
- బాట మీద వాగు దాటాలా? వంతెన ఉందా?
- నీళ్లు దొరికే చివరి చోటు ఏది?
- ఫోను సిగ్నల్ ఎక్కడిదాకా అందుతుంది?

మూడో ప్రశ్నను ఎవరూ అడగరు. తప్పకుండా అడగండి.

వాతావరణ సూచన చూసేటప్పుడు శిఖరం ఉన్న చోటు ఒక్కటే చూస్తే సరిపోదు. కొండకు అవతలి వైపు, ఎగువన, గడిచిన రెండు మూడు రోజుల్లో ఎంత వాన పడిందో కూడా చూడాలి. నేల అప్పటికే తడిసి ఉంటే కొత్తగా పడే చిన్న జల్లుకే గుహలో నీళ్లు లేస్తాయి. మీ నెత్తిన ఎండ కాస్తుంటే కూడా లేస్తాయి. నా పద్ధతి ఇది: వాన సూచన ఉంటే గుహను, జలపాతాన్ని ప్రణాళికలోంచి తీసేస్తాను. ఉరుముల సూచన ఉంటే ప్రయాణమే మానేస్తాను.

2. రోజుకు లెక్క కట్టండి

"పొద్దున్నే వెళ్తే సాయంత్రానికి వచ్చేస్తాం" అనుకోవడం లెక్క కాదు. కాగితం మీద వేయండి.

1892లో స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ చెప్పిన కొలత ఇప్పటికీ పనికొస్తుంది. 5 కిలోమీటర్ల నడకకు ఒక గంట, ఆపైన ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట. అయితే అది చురుగ్గా నడిచేవాళ్ల కొలత. సున్నపురాయి బాట ఎగుడుదిగుడుగా, పదునుగా ఉంటుంది కాబట్టి వచ్చిన మొత్తానికి సగం కలపండి.

ఉదాహరణకు రానూపోనూ 12 కిలోమీటర్లు, ఎక్కే ఎత్తు 700 మీటర్లు అనుకుందాం.

- నడక: సుమారు 2 గంటల 25 నిమిషాలు
- ఎత్తు: సుమారు 1 గంట 10 నిమిషాలు
- మొత్తం: 3 గంటల 35 నిమిషాలు
- సగం కలిపితే: సుమారు 5 గంటల 20 నిమిషాలు
- గుహ 45 నిమిషాలు, జలపాతం 45 నిమిషాలు, విశ్రాంతి గంట
- అంతా కలిపి: దాదాపు 8 గంటలు

ఉదయం 6కి అడుగు వేస్తే మధ్యాహ్నం 2కి కిందకి చేరతారు. సాయంత్రం 6కి చీకటి పడేట్టయితే మీ దగ్గర నాలుగు గంటలు మిగులు ఉంటుంది. ఆ మిగులును ఫొటోలకు ఖర్చు పెట్టకండి. మడమ బెణికినప్పుడు, బాట తప్పినప్పుడు ఆదుకునేది అదే.

ఇదే కాగితం మీద ఇంకో సమయం రాయండి: వెనక్కి తిరిగే సమయం. పై ఉదాహరణలో ఉదయం 10:30 అనుకోండి. ఆ వేళకు శిఖరం చేరకపోతే, వంద అడుగులే మిగిలినా సరే, వెనక్కి తిరగాలి. ఈ సమయాన్ని బయల్దేరే ముందే అందరూ ఒప్పుకోవాలి. పైన నిలబడి మాట్లాడుకుంటే ఎవరూ ఒప్పుకోరు.

ఆఖరుగా, వెంట రాని ఒకరికి ఈ కాగితం ఫొటో పంపండి. ఏ బాట, ఎంతమంది, ఎన్నింటికి దిగుతారు, ఎన్నింటి వరకు ఫోను రాకపోతే సహాయానికి కబురు చేయాలి, ఎవరికి చేయాలి అన్నీ అందులో ఉండాలి.

3. సంచి సర్దడం

నీళ్లతో మొదలుపెట్టండి. గంటకు అర లీటరు చొప్పున లెక్క వేస్తే ఎనిమిది గంటలకు 4 లీటర్లు. బరువే, నిజమే. కానీ పైన ఊట ఉండదు. కొండ మీద నీళ్లు దొరుకుతాయన్న ఆశతో ఒక్క సీసా పట్టుకొచ్చినవాళ్లు సగం దారిలో అవతలివాళ్ల సీసా వైపు చూడటం నేను చాలాసార్లు చూశాను. అలాంటప్పుడు గుంపు మొత్తానికి నీళ్లు చాలవు.

ఊట కనిపించినా నేరుగా తాగకండి. మామూలు నేలలో నీరు మట్టి పొరల్లోంచి నెమ్మదిగా వడకట్టుకుంటూ దిగుతుంది. ఇక్కడ పగుళ్లలోంచి నేరుగా జారిపోతుంది. పైన పశువుల పేడ పడితే కింద ఊటలో అది కలిసే ఉంటుంది. తేటగా కనిపించడం శుభ్రతకు గుర్తు కాదు. తాగక తప్పకపోతే బాగా తెర్లిన తర్వాత ఒక నిమిషం పాటు మరగనివ్వండి, 2000 మీటర్లు దాటిన ఎత్తులో మూడు నిమిషాలు.

సంచిలో ఉండాల్సినవి:

- నీళ్లు 3 నుంచి 4 లీటర్లు, రెండు మూడు సీసాల్లో (ఒకటి పగిలినా మిగతావి ఉంటాయి)
- రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు
- ఉప్పు తగిలే చిరుతిండి, ఎండు ఫలాలు, ఒక పూట భోజనం, దానికి అదనంగా ఇంకొంచెం
- హెడ్‌ల్యాంప్, విడిగా ఒక టార్చి, రెండింటికీ కొత్త బ్యాటరీలు
- హెల్మెట్ (గుహ కోసం, జలపాతం దగ్గర రాళ్ల కోసం)
- వేళ్లు కప్పే గట్టి గ్లవ్స్
- రెయిన్ కోటు, పొడి బనియను, పొడి సాక్సులు (ప్లాస్టిక్ సంచిలో చుట్టి)
- పలుచటి స్వెట్టరు
- క్రేప్ బ్యాండేజీ, గాజుగుడ్డ, టేపు, బొబ్బలకు ప్లాస్టర్లు, మీ రోజువారీ మందులు
- ఈల
- కాగితం మ్యాపు, పవర్ బ్యాంక్, ముందే ఫోన్లో దింపుకున్న మ్యాపు
- చెత్త సంచి

స్వెట్టరు ఎందుకంటారు చాలామంది. గుహ లోపలి గాలి దాదాపు ఆ ప్రాంతపు ఏడాది సగటు ఉష్ణోగ్రతలో ఉంటుంది. బయట మండు వేసవిలో చెమటతో తడిసిన చొక్కాతో లోపలికి వెళ్తే పది నిమిషాల్లో వణుకు మొదలవుతుంది. శిఖరం మీద కూడా అంతే. సగటున ప్రతి వెయ్యి మీటర్లకు 6.5 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుంది, పైగా గాలి.

4. బూట్లు, బట్టలు

కొత్త బూట్లతో రావద్దు. కనీసం రెండు వారాలు వాటితో నడిచాకే కొండ ఎక్కండి. అడుగు గట్టిగా ఉండాలి, ఎందుకంటే వాన కోసిన సున్నపురాయి అంచులు మెత్తటి అడుగులోంచి పాదానికి తెలుస్తాయి. రబ్బరు మాత్రం మరీ గట్టిది కాకూడదు, తడి రాయి మీద పట్టు ఉండదు.

కొనేముందు ఒక చిన్న పరీక్ష చేయండి. తాళ్లు బిగించి, దిగుడు వాలు మీద నిలబడి, గట్టిగా రెండుసార్లు అడుగు వేయండి. బొటనవేలు ముందు తగిలితే ఆ జత వద్దు. ఎక్కేటప్పుడు తెలియదు, దిగేటప్పుడు గోరు నల్లబడుతుంది.

బట్టల్లో ఒక్కటే మాట: జీన్స్ వద్దు. తడిస్తే ఆరదు, మోకాలు వంగనివ్వదు.

5. వరుస: శిఖరం, తర్వాత గుహ, చివర జలపాతం

ఎక్కువమంది దారిలో ముందొచ్చిందాన్ని ముందు చూస్తారు. బాట ఒప్పుకున్నంతవరకు నేను ఈ వరుస మార్చను, కారణాలున్నాయి.

శిఖరం ముందు, ఎందుకంటే వేడి కాలంలో ఉరుములు, మెరుపులు ఎక్కువగా మధ్యాహ్నం తర్వాత వస్తాయి. కాళ్లలో బలం ఉన్నప్పుడు, ఎండ ముదరక ముందు ఎక్కేయాలి.

గుహ తర్వాత, ఎందుకంటే ఎండ నడినెత్తికి వచ్చే వేళకు అక్కడి చల్లదనం ఒంటికి హాయి. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి: శిఖరం మీద నుంచి నాలుగు దిక్కుల ఆకాశాన్ని మీ కళ్లతో చూసి వచ్చారు. ఎగువన మబ్బు కమ్ముతోందో లేదో తెలుసుకున్నాకే గుహలో అడుగు పెడుతున్నారు. ఏ యాప్ కూడా ఇంత ఖచ్చితంగా చెప్పలేదు.

జలపాతం చివర, ఎందుకంటే అక్కడ బూట్లు తడుస్తాయి. తడి బూట్లతో కొండ ఎక్కితే బొబ్బలు, తడి అడుగుతో నునుపు రాయి ఎక్కితే జారుడు.

6. ఎక్కడం

మొదటి అరగంట మాట్లాడుతూ నడవగలిగినంత నెమ్మదిగా నడవండి. ఊపిరి అందక మాట తెగుతోందంటే వేగం ఎక్కువైందని అర్థం. గుంపులో అందరికంటే నెమ్మదిగా నడిచేవారిని ముందు పెట్టండి. వెనక పెడితే వాళ్లు వచ్చి చేరేసరికి మిగతావాళ్లు విశ్రాంతి ముగించి లేస్తారు, వాళ్లకు కూర్చునే వ్యవధే దొరకదు.

దాహం వేసే దాకా ఆగకుండా ఇరవై నిమిషాలకోసారి నాలుగు గుక్కలు తాగండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపండి, చిక్కగా కలపడం మేలు కాదు.

ఇక రాయి. సున్నపురాయి రెండు వేషాల్లో ఎదురవుతుంది. జనం నడవని చోట వాన కోసిన గాడులు, కత్తి అంచులు ఉంటాయి. నాతో వచ్చిన ఒకాయన తూలినప్పుడు చేయి ఆన్చింది అలాంటి అంచు మీదే. పడలేదు, కానీ అరచేయి తురుముపీట మీద రుద్దినట్టు చీరుకుపోయింది. సంచిలో గ్లవ్స్ ఉన్నాయి, చేతికి లేవు. అందుకే రాళ్ల భాగం రాకముందే గ్లవ్స్ తొడగండి.

జనం నడిచే చోట రాయి అరిగి అరిగి గాజులా నిగనిగలాడుతుంది. పొడిగా ఉన్నా జారుతుంది, మంచు పడితే చెప్పనక్కర్లేదు. అక్కడ మెరిసే మధ్యభాగం వదిలి, పక్కన గరుకుగా, మాసినట్టు ఉన్న చోట అడుగు వేయండి. పాదం మొత్తం ఆనాలి, వేళ్ల మీద నిలబడకూడదు. చేతులు వాడాల్సి వచ్చినప్పుడు రెండు చేతులు, రెండు కాళ్లలో మూడు ఎప్పుడూ రాయిని పట్టుకుని ఉండాలి, నాలుగోది మాత్రమే కదలాలి. పట్టుకునే ముందు రాయిని అరచేత్తో తట్టి చూడండి. డొల్లగా మోగితే దాని మీద బరువు వేయకండి.

బాట వదలడం ఈ కొండ మీద మామూలు కొండకంటే ప్రమాదం. ఆకులు, తీగలు కప్పిన గుంటలు, బిలాలు ఉంటాయి. కాలకృత్యాలకు పక్కకు వెళ్లాల్సి వచ్చినా ముందు కర్రతో పొడిచి చూసుకుని అడుగు వేయండి, ఒకరికి చెప్పి వెళ్లండి. గుంటల్లో, వాగు పక్కన మాత్రం వద్దు. నీటికి కనీసం 60 మీటర్ల దూరం ఉండాలి. అక్కడ వదిలింది కింది ఊటలో తేలుతుంది, ఆ నీళ్లు ఎవరో తాగుతారు.

7. శిఖరం మీద

చేరగానే స్వెట్టరు వేసుకోండి, చెమట చల్లబడకముందే. అంచుకు వెనక్కి నడుస్తూ ఫొటో తీయించుకోకండి. అంచు దగ్గర రాయి కింద డొల్ల ఉండొచ్చు, పైనుంచి తెలియదు.

పావుగంట కూర్చుని ఆకాశం చూడండి. మబ్బులు కోట గోడల్లా నిలువుగా పెరుగుతున్నాయా? మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్ల లోపు ఉంటే వెంటనే దిగండి. శిఖరం, ఒంటరి చెట్టు, గుహ ద్వారం, మూడూ పిడుగు వేళ మంచి ఆసరా కాదు. గుహ ముఖంలో నిలబడితే పిడుగు విద్యుత్తు రాతి మీదుగా వచ్చి మనిషిలోంచి దూకే వీలుంది. చాలామంది వానకు తలదాచుకునేది అక్కడే, అదే తప్పు.

8. గుహ

రోజంతటిలో ఎక్కువ జాగ్రత్త అడిగేది ఈ గంట.

*ద్వారం దగ్గర ఐదు నిమిషాలు.* సంచి దించి, గోడలను పరీక్షగా చూడండి. నడుము ఎత్తులో ఎండిన బురద గీత ఉందా? తలపైన పగుళ్లలో ఎండుటాకులు, పుల్లలు ఇరుక్కుని ఉన్నాయా? వాటిని అక్కడ ఎవరూ పెట్టలేదు. నీళ్లు అంత ఎత్తుకు లేచి, పెట్టి వెళ్లాయి. ఒకసారి ఒక గుహలో నా తలకు మూరెడు పైన, కప్పు సందులో, ఆకు ఈనె చెక్కుచెదరకుండా అతుక్కుని కనిపించింది. వేలితో ముట్టుకుంటే ఇంకా తడిగా ఉంది. ఆ రోజు లోపలికి వెళ్లలేదు.

2018 జూన్ 23న థాయిలాండ్‌లోని థామ్ లువాంగ్ గుహలోకి 12 మంది పిల్లలు, వాళ్ల ఫుట్‌బాల్ కోచ్ నడిచే వెళ్లారు. వాన నీళ్లు వెనక దారి మూసేశాయి. తొమ్మిది రోజుల తర్వాత గాని వాళ్లున్న చోటు తెలియలేదు. ఆఖరి వాళ్లు బయటపడింది జులై 10న. కాపాడబోయిన ఒక డైవర్ ప్రాణం పోయింది. వాళ్లు పొడిగా ఉన్న దారినే లోపలికి నడిచారన్నది మరవకండి.

లోపలికి వెళ్లే ముందు సరిచూసుకోండి:

- ఎగువ ఆకాశం తేటగా ఉంది
- ఒక్కొక్కరికీ మూడు దీపాలు: హెడ్‌ల్యాంప్, టార్చి, ఇంకొకటి (ఫోను లైటు మూడోదిగా మాత్రమే)
- అందరి తలమీద హెల్మెట్
- తలలు లెక్కపెట్టారు, ముందెవరు వెనకెవరు అనుకున్నారు
- బయటికొచ్చే సమయం అనుకున్నారు
- కనీసం ముగ్గురున్నారు. ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు తోడుండాలి, ఒకరు బయటికెళ్లి కబురు చేయాలి

*లోపల.* వెలుగులోంచి రాగానే కళ్లు పనిచేయవు. ఐదు నిమిషాలు నిలబడండి. తర్వాత నెమ్మదిగా కదలండి. ప్రతి మలుపులో, దారి చీలిన ప్రతి చోట వెనక్కి తిరిగి చూడండి. గుహలో వెళ్లే దారి, వచ్చే దారి ఒకేలా కనబడవు. వచ్చేటప్పుడు కనిపించబోయే దృశ్యాన్ని వెళ్లేటప్పుడే కళ్లకు పరిచయం చేసుకోవాలి. గోడల మీద సుద్దతో, రంగుతో గుర్తులు పెట్టకండి.

పైనుంచి వేలాడే రాతి ఊడల్ని, నేల నుంచి లేచిన రాతి మొలకల్ని ముట్టుకోకండి. చాలాచోట్ల అవి పెరిగేది ఏడాదికి సుమారు పదోవంతు మిల్లీమీటరు. వేలి జిడ్డు అంటితే నీటిలోని ఖనిజం ఆ చోట సరిగా అంటుకోదు, రంగు మారిపోతుంది. మీ అరచేతి పొడవు ఊడ విరిగితే మళ్లీ రావడానికి వెయ్యేళ్లకు పైనే పడుతుంది.

గబ్బిలాలుంటే గొంతు తగ్గించండి, వాటి మీద వెలుగు వేయకండి, ఫ్లాష్ ఆపేయండి. నేల మీద పడి ఉన్నదాన్ని ముట్టుకోకండి, రేబీస్ ఉండొచ్చు. గబ్బిలం కరిచినా గీరినా గాయాన్ని పదిహేను నిమిషాలు సబ్బు నీళ్లతో కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. వాటి రెట్ట పొడిగా ఉన్నచోట దుమ్ము లేపకండి. అందులో ఊపిరితిత్తులకు జబ్బు తెచ్చే శిలీంధ్రం ఉండే వీలుంది. ఉబ్బసం ఉన్నవాళ్లు, రోగనిరోధక శక్తి తక్కువున్నవాళ్లు ఆ భాగం వదిలేయడం మంచిది.

గాలి కదలని పల్లపు గదుల్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. శ్రమ లేకుండానే ఆయాసం, తలనొప్పి, కంగారు మొదలైతే కారణం వెతుక్కోకుండా బయటికి నడవండి. మంట వెలిగించడం ఏ కారణంతోనూ వద్దు.

నడిచే దారికి పక్కగా సురక్షితమైన చోట కూర్చుని ఒక్క నిమిషం దీపాలన్నీ ఆర్పేయండి. నిజమైన చీకటి అంటే ఏమిటో అప్పుడు తెలుస్తుంది. చుక్క చుక్కగా నీరు పడే చప్పుడు ఒక్కొక్కటీ వేరువేరుగా వినిపిస్తుంది. ఆ చప్పుడును బాగా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే మీకు హెచ్చరిక ఇచ్చేది అదే. చుక్కలు ధారలైతే, అంతకుముందు లేని హోరు దూరంగా వినిపిస్తే, గాలి ఉన్నట్టుండి జోరందుకుంటే, కాళ్ల కింద నీళ్లు మసకబారితే మాటామంతీ లేకుండా తిరిగి రండి. దారి మూసుకుపోతే నీళ్లలోకి దిగకండి. అందుబాటులో ఉన్న ఎత్తైన చోటికి చేరి, ఒకరికొకరు ఆనుకుని కూర్చుని, ఒక్క దీపం తప్ప మిగతావి ఆర్పేసి ఎదురుచూడండి. ముందే ఒకరికి పంపిన కాగితం ఫొటో పనికొచ్చేది ఇక్కడే.

9. జలపాతం

కింది నుంచే చూడండి. పై అంచుకు వెళ్లే కాలిబాట కనిపించినా వెళ్లకండి. అంచు దగ్గర నీరు చీలమండ లోతే ఉంటుంది, కింద పాచి పట్టిన నునుపు బండ ఉంటుంది, పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఉరుకుతున్న నీరు 15 సెంటీమీటర్ల లోతుంటే చాలు, పెద్ద మనిషిని పడగొట్టగలదు.

ధార సరిగ్గా కింద నిలబడకండి. నీటితో పాటు రాళ్లూ దిగుతాయి. మడుగులో దూకడం ఎప్పుడూ వద్దు. నురగ కింద లోతు ఎంతో, బండ ఎక్కడుందో తెలియదు. గాలి బుడగలు నిండిన తెల్లటి నీటిలో మనిషి మామూలుగా తేలినట్టు తేలడు, ఈత వచ్చినవాళ్లు కూడా మునుగుతారు.

రాయి రంగు చూసి అడుగు వేయడం నేర్చుకోండి. ముదురాకుపచ్చగా, నల్లగా మెరిసేది పాచి, దాన్ని తప్పించండి. పొడిగా, లేతగా, గరుకుగా ఉన్నది మంచిది. సున్నపు జలపాతాల చుట్టూ నాచు మీద, కొమ్మల మీద నీటిలోని సున్నం పేరుకుని గుల్లలాంటి రాయి తయారవుతుంది. అది చూడటానికి గట్టిగా ఉన్నా కాలు వేస్తే పెళుసుగా విరుగుతుంది.

వాగు దాటక తప్పకపోతే: నీరు మోకాలు దాటకూడదు, బూట్లు విప్పకూడదు, సంచి నడుము పట్టీ, ఛాతీ పట్టీ విప్పేయాలి (పడితే సంచి వదిలించుకోవడానికి), కర్ర ఎగువ వైపు ఆన్చి, ప్రవాహానికి ఎదురు తిరిగి, ఒక్కో కాలు పక్కకు జరుపుతూ వెళ్లాలి. కింద జలపాతం ఉన్నచోట ఎంత తక్కువ నీరున్నా దాటొద్దు.

వెంటనే పైకి, పక్కకు వెళ్లిపోవాల్సిన గుర్తులు:

- తేట నీరు ఎర్రబడటం, బురదగా మారడం
- ఆకులు, పుల్లలు కొట్టుకురావడం
- హోరు పెరగడం
- ఇందాక పైకి కనిపించిన రాయి మునిగిపోవడం

చివరిదాని కోసం నేను వెళ్లగానే నీటి అంచున ఒక రాయిని గుర్తుపెట్టుకుంటాను. ఐదు నిమిషాలకోసారి దాన్ని చూస్తాను. పిల్లలతో వెళ్లినప్పుడు ఆ పని వాళ్లకు అప్పజెప్పండి. వాళ్లు మనకంటే శ్రద్ధగా చూస్తారు.

బయల్దేరే ముందు కూర్చుని, పాదాలు తుడుచుకుని, పొడి సాక్సులు మార్చుకోండి.

10. దిగడం

మడమలు బెణికేది ఎక్కువగా ఇప్పుడే. తొడలు అలసి ఉంటాయి, మనసు ఇంటికి వెళ్లిపోయి ఉంటుంది. దిగుడు మొదలయ్యే ముందు బూట్ల తాళ్లు మడమ దగ్గర మళ్లీ బిగించండి. చిన్న చిన్న అడుగులు వేయండి, మోకాళ్లు కాస్త వంచి ఉంచండి. పరుగెత్తకండి. ముందువాళ్ల నెత్తిన రాయి దొర్లకుండా ఎడం పాటించండి. దొర్లితే గట్టిగా "రాయి!" అని అరవండి.

11. తరచూ జరిగే తప్పులు, అక్కడికక్కడే చేయాల్సింది

*నీళ్లు సగం దారికే అయిపోవచ్చాయి.* అక్కడే వెనక్కి తిరగండి. మిగిలిన నీళ్లు దాచి పెట్టుకోకుండా గుక్క గుక్కగా తాగుతూ నీడ పట్టున దిగండి.

*మడమలో మంట మొదలైంది.* "కాసేపాగి చూద్దాం" అనకండి. అప్పుడే ఆగి, ఆరబెట్టి, ప్లాస్టర్ వేయండి. బొబ్బ లేచాక వేసే ప్లాస్టర్ సగం పనే చేస్తుంది.

*బాట గుర్తులు కనిపించడం లేదు.* ఆగిపోండి. చివరిగా గుర్తు చూసిన చోటికి వచ్చిన దారినే వెనక్కి వెళ్లండి. అడ్డదారిన కిందకి దిగితే ఊరొస్తుందని వెళ్లకండి. ఈ కొండల్లో వాగు వెంట దిగితే కొండ చరియ అంచునో, బిలం దగ్గరో తేలతారు.

*మడమ బెణికింది.* బూటు విప్పకుండా తాళ్లు వదులు చేసి చూడండి. నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే ఎముక విరిగి ఉండొచ్చు, నడిపించకండి. వేయగలిగితే క్రేప్ బ్యాండేజీ చుట్టి, సంచి ఇంకొకరికి ఇచ్చి, కర్ర ఆసరాతో దింపండి.

*ఎవరో తడిసి వణుకుతున్నారు.* ముందు తడి బట్టలు మార్చండి, తర్వాత తినడానికి ఇవ్వండి. వణుకు ఆగిపోయి మాట తడబడుతుంటే పరిస్థితి విషమించినట్టు, వెంటనే సహాయం పిలవండి.

*ఒకరు ఎండకు తూలుతున్నారు.* నీడలో పడుకోబెట్టి, చొక్కా తడిపి విసరండి, ఓఆర్‌ఎస్ తాగించండి. మతి తప్పినట్టు మాట్లాడుతుంటే నోట్లో ఏమీ పోయకండి, ఒళ్లు చల్లబరుస్తూ సహాయం పిలవండి.

సహాయానికి ఈల పద్ధతి ఇది: నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఆరుసార్లు. చీకట్లో టార్చితో అదే లెక్క. జవాబు నిమిషానికి మూడుసార్లు వస్తుంది. ఫోన్లో 112 చాలా దేశాల్లో పనిచేస్తుంది, మీ సిమ్ నెట్‌వర్క్ లేకపోయినా ఇంకో నెట్‌వర్క్ అందుతుంటే కలిసే వీలుంది.

12. కిందకి వచ్చాక

ముందు ఇంటికి ఫోను చేసి దిగామని చెప్పండి. ఇది మరిచిపోతే అవతల ఒకరు చీకటిపడగానే జనాన్ని పంపుతారు.

బూట్లు, కర్ర, హెల్మెట్, సంచి బురద పోయేలా అక్కడే దులపండి. శిలీంధ్రం వల్ల వచ్చే, గబ్బిలాలకు ప్రాణాంతకమైన తెల్లముక్కు జబ్బు అమెరికాలో మొదట 2006లో కనిపించింది. అప్పటి నుంచి లక్షల్లో గబ్బిలాలు చనిపోయాయి. ఆ శిలీంధ్రం మనుషుల బట్టలకు, బూట్లకు అంటుకుని ఒక గుహ నుంచి ఇంకో గుహకు చేరగలదు. నీళ్లు తగిలినా పాడవని సామాన్లను 55 డిగ్రీల సెల్సియస్ వేడి నీటిలో 20 నిమిషాలు నానబెట్టి, పూర్తిగా ఆరాకే లోపల పెట్టండి. ఒక గుహలో వాడిన బట్టల్ని ఉతక్కుండా ఇంకో గుహకు వేసుకెళ్లకండి.

హెడ్‌ల్యాంప్ బ్యాటరీలు తీసి విడిగా పెట్టండి. రాత్రి పడుకునే ముందు గోళ్ల సందులు, మోకాళ్ల వెనక, నడుము పట్టీ కింద పురుగులేమైనా పట్టాయేమో చూసుకోండి.